పెరటి కోళ్లకూ ఒక టీకా రోజు కావాలి: పశుసంవర్ధక శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి,

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో కొబ్బరి తోటల నీడన పాతిక ముప్పై గుడ్ల కోళ్లను, వాటితో పాటు నాలుగైదు టర్కీ కోళ్లను ఇష్టంగా సాకుతున్న కుటుంబాల పక్షాన ఈ లేఖ శాఖ ముందుకు వస్తున్నది. ఇందులోని ప్రధానమైన కోరిక ఒక్కటే: ప్రతి గ్రామ సచివాలయం పరిధిలో, ముందుగా దండోరా వేసి చెప్పిన ఒక నిర్ణీత తేదీన, ఊరి పెరటి కోళ్లన్నిటికీ కలిపి రాణిఖేత్ టీకా వేసే ఏర్పాటు శాశ్వతంగా ఉండాలి. మిగిలిన విషయాలన్నీ ఈ కోరిక చుట్టూ అల్లుకున్నవే. అది ఎందుకు అవసరమో, ఇప్పుడున్న వ్యవస్థలో ఎందుకు నెరవేరడం లేదో వివరించడానికే వాటి ప్రస్తావన.

ఈ పెంపకందార్లు వ్యాపారులు కారు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పొదుపు సంఘాల్లోని మహిళలు, గల్ఫ్ దేశాల్లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగివచ్చి ఇంటి వెనుక అరెకరం తోటను చూసుకుంటున్నవారు వీరిలో ఎక్కువ. గుడ్లు ముందు ఇంట్లో పిల్లలకు, ఆ తరువాత ఇరుగుపొరుగుకు, మిగిలితే సంతకు వెళతాయి. ఏడాదికి మనిషికి 180 గుడ్లు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేస్తుండగా, 2023-24లో దేశ సగటు లభ్యత 103 గుడ్లు మాత్రమే ఉన్నదంటే, ఇంటి పెరట్లో దొరికే గుడ్డుకు పోషణలో ఎంత స్థానముందో శాఖకు వేరే చెప్పనవసరం లేదు.

రాష్ట్రం గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్నది. 2023-24లో దేశమంతటా ఉత్పత్తి అయిన 14,277 కోట్ల గుడ్లలో దాదాపు 18 శాతం ఆంధ్రప్రదేశ్‌వే. ఆ ఘనత అనపర్తి, తణుకు వంటి చోట్ల వేల కోళ్లను పంజరాల్లో పెంచే ఫారాలది. ఆ రైతులు పడ్డ శ్రమను, తీసుకున్న నష్టభయాన్ని తక్కువ చేయడం ఈ లేఖ ఉద్దేశం కాదు. అయితే 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల పైచిలుకు కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో 31.7 కోట్లు పెరటి పక్షులేనని, అంతకు ముందటి గణనతో పోలిస్తే వాటి సంఖ్య సుమారు 46 శాతం పెరిగిందని కూడా గుర్తుంచుకోవాలి. ఇంత పెద్ద సంఖ్య ఉన్నా పథకాల కొలత మాత్రం పెద్ద ఫారానికి సరిపడేట్టుగానే ఉంటున్నది. జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి ఇచ్చే 50 శాతం పెట్టుబడి రాయితీ పొందాలంటే కనీసం వెయ్యి తల్లి కోళ్లతో ఫారం, దానికి పొదుగు యంత్రం ఉండాలి. పాతిక కోళ్ల గృహస్థుకు రాయితీ అక్కరలేదు, అడగడం కూడా లేదు. ఆయనకు కావలసినది ఒక్క కంటి చుక్క.

కోనసీమలో కొక్కెర తెగులు అని పిలిచే రాణిఖేత్ వ్యాధి ఒక వైరస్ వల్ల వస్తుంది. పచ్చని పారుడు, గురక వంటి శ్వాస, మెడ మెలితిరిగి తల వెనక్కి వాలిపోవడం దీని లక్షణాలు. టీకా లేని మందలో ప్రవేశిస్తే వారం పది రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను, జావా దీవిలోను గుర్తించిన ఈ వ్యాధి ఆ మరుసటి ఏడాదే కుమావు కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించడం వల్ల మన దేశంలో దానికి ఆ ఊరి పేరు స్థిరపడింది. అదే కొండల్లోని ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో 1940లలో రూపొందిన ఆర్2బి టీకా ఈనాటికీ వాడుకలో ఉన్నది. అంటే వ్యాధికి మందు లేకపోయినా దానిని రాకుండా ఆపే సాధనం మన చేతిలోకి వచ్చి ఎనభై ఏళ్లు కావస్తున్నది. అయినా పెరటి కోళ్ల మరణాల్లో దీని వాటా ఇంకా పెద్దదిగానే ఉండడానికి కారణం శాస్త్రం కాదు, సీసా పరిమాణం.

ఈ మాటను కొంచెం విడమరచి చెప్పాలి. కోడిపిల్లలకు ఐదో రోజు నుంచి ఏడో రోజు లోపు లసోటా లేదా ఎఫ్ అనే బలహీనపరచిన వైరస్ టీకాను కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. నాలుగు వారాల వయసులో మరొకసారి లసోటా ఇస్తారు. ఎనిమిది వారాలు దాటిన తరువాత ఆర్2బి టీకాను రెక్క కింద చర్మంలోకి ఎక్కిస్తారు. ఆర్2బి కొంత బలమైన రకం కనుక చిన్న పిల్లలకు వేస్తే టీకాయే జబ్బై కూర్చుంటుంది. ఈ టీకాలు ఎండబెట్టిన పొడి రూపంలో, నూరు, రెండు వందలు మొదలుకొని వెయ్యి మోతాదుల దాకా ఉండే సీసాల్లో వస్తాయి. పొడిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. ద్రావకంతో కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి, మిగిలినది పారబోయాలి. ఇరవై కోళ్లున్న ఇంటి ఇల్లాలు అమలాపురం వెళ్లి రెండు వందల మోతాదుల సీసా కొని, మంచు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, బస్సు దిగి, నడిచి, ఇంటికి చేర్చి, నూట ఎనభై మోతాదులు పారబోయడమనేది ఎవరూ చేయని పని. అందుకే ఆమె కోళ్లకు టీకా పడదు. పక్కింటి పద్నాలుగు కోళ్లకూ పడదు. వీధిలోని పదిళ్ల కోళ్లూ కలిస్తే రెండు వందలవుతాయి, ఒక సీసా సరిపోతుంది. వాటిని కలిపే మనిషి, కలిసే రోజు మాత్రమే లేవు.

పని కష్టమైనదేమీ కాదు. పగలు తోటంతా తిరిగే కోళ్లను పట్టుకోవడం గగనమే గాని, చీకటి పడి గూడెక్కిన తరువాత అవి కదలవు. ఒకరు గూట్లోంచి కోడిని తీసి చంకలో ఇరికించుకుని తలను పక్కకు వాల్చి పట్టుకుంటే, మరొకరు చల్లని సీసా నుంచి ఒక్క చుక్కను కంటి మీద వదులుతారు. చుక్క కంటి మీద గాజుపూసలా నిలిచి, కోడి ఒకసారి రెప్ప వెయ్యగానే లోపలికి ఇంకిపోతుంది. ఆ రెప్ప పడేదాకా తలను వదలకపోవడమే ఇందులోని నేర్పంతా. చెయ్యి తిరిగిన ఇద్దరు మనుషులు ఒక సాయంత్రం ఒక వీధిని పూర్తి చేయగలరు. గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు, రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి, 1962 నంబరుకు పలికే సంచార పశువైద్య వాహనాలు ఉన్నాయి. లేనిది తేదీ. ప్రతి రెండు నెలలకు ఒకసారి, ఫలానా శనివారం సాయంత్రం అని ఏడాది మొదట్లోనే ప్రకటిస్తే, ఆ తేదీకి సరిపోయేట్టు పిల్లలను పొదిగించుకోవడం పెంపకందార్లే నేర్చుకుంటారు.

శీతలీకరణ కష్టమనే అభ్యంతరం వస్తే దానికీ సమాధానం ఉన్నది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం ఐ-2 అనే రాణిఖేత్ టీకా రకాన్ని వేడిని తట్టుకునేలా అభివృద్ధి చేసింది. ఎండబెట్టిన రూపంలో అది గది ఉష్ణోగ్రత వద్ద కొన్ని వారాల పాటు పాడుకాకుండా ఉంటుంది. మొజాంబిక్, టాంజానియా వంటి దేశాల్లో పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి, ఏడాదికి మూడు విడతల చొప్పున, కోడికి ఇంత అని స్వల్ప రుసుముతో ఊళ్లో కోళ్లన్నిటికీ ఆ చుక్క వేయించారు. మనకు దగ్గరలోనే తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం మేతతో పాటు తినిపించదగిన గుళికల రూపంలో రాణిఖేత్ టీకాను తయారుచేసింది. రుసుము చెల్లించడానికి కోనసీమ పెంపకందార్లకు ఏ అభ్యంతరమూ లేదు. ఉచితంగా వచ్చి ఎప్పుడు వస్తుందో తెలియని టీకా కంటే, రూపాయో రెండో తీసుకుని చెప్పిన రోజున వచ్చే టీకా వారికి మేలు.

టర్కీ కోళ్ల సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఈ ప్రాంతంలో జరుగుతున్న నష్టంలో తెలియక జరిగేది ఇక్కడే ఎక్కువ. ఉత్తర అమెరికా ఖండానికి చెందిన ఈ పక్షిని మన వాళ్లు ముచ్చటపడి కొని, నాటు కోళ్లతో పాటే వదులుతారు. పుంజు ఏడెనిమిది కిలోలు తూగుతుంది. పెట్ట ముప్పై వారాల వయసులో గుడ్లు మొదలుపెట్టి ఏడాదికి అరవై నుంచి నూరు దాకా పెడుతుంది. గుడ్డు పొదగడానికి కోడికి 21 రోజులు పడితే దీనికి 28 రోజులు పడుతుంది. పెద్దయ్యాక టర్కీ గట్టి పక్షే. తోటలో గడ్డి, కలుపు మొక్కలు, పురుగులు విరివిగా తింటుంది గనుక దాణా ఖర్చు కూడా తక్కువే. కష్టమంతా మొదటి ఆరు వారాల్లో, ఆ తరువాత నేల నుంచి వచ్చే ఒక వ్యాధిలో ఉన్నది.

ఆ వ్యాధిని నల్లతల రోగం అంటారు. నిజానికి తల నల్లబడడం అన్ని సందర్భాల్లో కనిపించదు; గంధకం రంగులో పసుపుపచ్చని రెట్ట, వేలాడే రెక్కలు, మందకొడితనం దీని అసలు గుర్తులు. చనిపోయిన పక్షిని కోసి చూస్తే కాలేయం మీద గుండ్రని మచ్చలు అంచులు తేలి కనిపిస్తాయి. 1895లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ వర్ణించిన ఈ వ్యాధికి హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి కారణం. ఆ జీవి బయట నేల మీద ఎక్కువసేపు బతకలేదు. కాని కోళ్ల పేగు చివర ఉండే గుడ్డి సంచుల్లో నివసించే ఒక సన్నని పురుగు గుడ్లలోకి చేరి, ఆ గుడ్ల రక్షణలో నేలలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. వానపాములు ఆ గుడ్లను మింగి తమ శరీరంలో దాచిపెడతాయి. వానపామును తిన్న పక్షికి పురుగూ జీవీ రెండూ సంక్రమిస్తాయి. కోడికి ఇది సాధారణంగా పెద్ద బాధ కలిగించదు, టర్కీని మాత్రం చంపుతుంది. ఆరోగ్యంగా కనిపించే నాటుకోడి తిరిగిన నేల టర్కీకి ఎందుకు విషమవుతుందో ఇప్పుడు తేటపడుతుంది. కోనసీమ నేల ఎప్పుడూ తడి, కొబ్బరి పాదుల్లో వానపాములకు కొదవ లేదు. ఈ వ్యాధికి ఇంతకంటే అనువైన నేల మరొకటి ఉండదు.

టర్కీ పిల్లలు దొరికే చోటు అరుదు కనుక ఉన్న పెట్టల గుడ్లను పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద పెట్టడం ఇక్కడి అలవాటు. నాటుకోడి మంచి తల్లి కనుక ఆ అలవాటును తప్పుపట్టలేము. అయితే తల్లి రెట్టతోనే పిల్లలకు మొదటి రోజుల్లో ఆ పురుగు గుడ్లు అందుతాయి. మరొక చిక్కు కూడా ఉన్నది. టర్కీ పిల్లలకు మేత, నీరు ఎక్కడున్నాయో వెదుక్కునే తెలివి తక్కువ. తొట్టి పక్కనే నిలబడి ఆకలితో చనిపోయే పిల్లలు మొదటి వారంలో చాలా ఉంటాయి. వాటికి మేత నేర్పడానికి ఒకటి రెండు కోడిపిల్లలను కలిపి ఉంచమని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా ఒక ప్రాణాన్ని ఈ వారం కాపాడి, రెండు నెలల తరువాత తీసుకుపోవచ్చు. అంతకంటే మెరిసే గోళీలు నీళ్లలో వేయడం, సన్నగా తరిగిన ఆకుకూర, ఉడికించిన గుడ్డు ముక్కలు మేత మీద చల్లడం, మొదటి వారం 35 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చదనం ఇవ్వడం, 28 శాతం మాంసకృత్తులున్న దాణా పెట్టడం క్షేమం. మామూలు కోడిపిల్లల దాణాలో మాంసకృత్తులు 20 శాతమే ఉంటాయి కనుక అది వీటికి చాలదు.

ఈ సమాచారం కష్టమైనది కాదు, రహస్యమైనదీ కాదు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థ నుంచో, ప్రైవేటు వ్యాపారుల నుంచో టర్కీ పిల్లలు కొనే వ్యక్తికి, అమ్మేటప్పుడే తెలుగులో ఒక కాగితం ఇస్తే చాలు: కోళ్లు తిరగని నేల, వీలైతే నేలకు ఎత్తుగా కట్టిన తడికల గూడు, ఉమ్మడి నీళ్ల తొట్టి ఉండకపోవడం, కోళ్లకు రెండు మూడు నెలలకొకసారి నట్టల మందు. అమెరికాలో ఈ వ్యాధికి వాడుతూ వచ్చిన చివరి మందు నైటార్సోన్ ఆర్సెనిక్ సంబంధమైనది కావడంతో 2015లో దాన్ని ఉపసంహరించారు. ఆ తరువాత అక్కడ ఆమోదం పొందిన మందే లేదు. కాబట్టి మందు దొరుకుతుందిలే అన్న ఆశతో ఈ జాగ్రత్తలను వాయిదా వేయడానికి వీల్లేదు. శాఖ ప్రచురించే కోళ్ల పెంపకం కరపత్రాల్లో టర్కీ, కోడి కలిపి పెంచరాదన్న మాట మొదటి పంక్తిగా రావాలని ఈ లేఖ ప్రత్యేకంగా అభ్యర్థిస్తున్నది.

టర్కీ కోడికి కోడి ఇలా చేటు చేస్తే, కోడికి టర్కీ చేసిన మేలు ఒకటి ఉన్నదని ఇక్కడే చెప్పడం న్యాయం. కాళ్లు ఒకటి ముందుకు ఒకటి వెనక్కి చాపి పడిపోయే మారెక్స్ వ్యాధిని 1907లో హంగరీకి చెందిన జోసెఫ్ మారెక్ వర్ణించగా, 1970 ప్రాంతంలో అమెరికాలో టర్కీ కోళ్ల నుంచి వేరుచేసిన ఒక నిరపాయకరమైన వైరస్ దానికి టీకా అయింది. ఆ టీకాను పిల్ల పుట్టిన రోజే, పొదుగు కేంద్రంలోనే వేయాలి. ఇంటికి వచ్చాక వేసి ప్రయోజనం ఉండదు. సైకిళ్ల మీద, ఆటోల్లో గంపలతో ఊరూరా తిరిగి అమ్మే రంగుల పిల్లల్లో అది పడిందో లేదో అడిగే వీలు కొనేవారికి లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన గ్రామప్రియ కోడి పెరటి పోషణలో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది, నాటుకోడి అరవై దాటడమే కష్టం. కాని గ్రామప్రియ పొదుగుకు రాదు కనుక ప్రతి ఏడాదిన్నరకు కొత్త పిల్లలు కొనక తప్పదు. టీకా వేసిన పిల్లలను, వేసినట్టు రాసిన చీటీతో సహా జిల్లాలోనే నెలకొకసారి అమ్మే ఏర్పాటు ఉంటే, పుంజుల కోసం ఇంటింటా పెంచే అసీల్ జాతి పెట్టలు తల్లులుగా, గ్రామప్రియలు గుడ్ల కోళ్లుగా రెండూ ఒకే పెరట్లో నిలబడతాయి.

మేత విషయంలో కోనసీమకు వరమూ ఉన్నది, గండమూ ఉన్నది. నూకలు, తవుడు, గానుగాడిన కొబ్బరి చెక్క, ఎండుచేపల పొట్టు ఇక్కడ చవక. పెంకు గట్టిపడడానికి కావలసిన సున్నం (ఒక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది) ఏటి గుల్లల్ని దంచి పెడితే సరిపోతుంది. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పెంట పోగుల్లో గుడ్లు పెడుతుంది. ఆ పోగును పారతో తిరగేసిన మరుక్షణం బొటనవేలంత లావున్న తెల్లని పురుగుల కోసం కోళ్లు పరుగెత్తుకొచ్చే తీరు చూస్తే తోటకు, కోడికి ఉన్న పొత్తు కంటికి కడుతుంది. గండం తేమలో ఉన్నది. వానాకాలంలో కొబ్బరి చెక్కకు, మొక్కజొన్నకు, వేరుశనగ చెక్కకు బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఈ విషం లోకానికి తెలియడానికి కారణం కూడా టర్కీ కోళ్లే: 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు దానికి మూలమని పరిశోధనలో తేలింది. విషం మోతాదు తక్కువైనప్పుడు పక్షి చావదు. గుడ్లు తగ్గుతాయి, వేసిన టీకా కూడా సరిగా పట్టదు. టీకా వేసినా కోళ్లు పోయాయని ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు శాఖ సిబ్బంది మేత గోనెను కూడా ఒకసారి విప్పి వాసన చూడాలి.

బర్డ్ ఫ్లూ సంగతికి వస్తే, 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలంలోని వేల్పూరులోను, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలంలోని కానూరు అగ్రహారంలోను చనిపోయిన కోళ్ల నమూనాల్లో హెచ్5ఎన్1 వైరస్ ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించింది. పెరవలి మండలానికి, కొత్తపేట ప్రాంతానికి అడ్డుగా ఉన్నది వశిష్ఠ పాయ ఒక్కటే. ఆ తరువాతి నెలలో పల్నాడు జిల్లాలో ఒక పసిపాప ఇదే వైరస్‌తో మరణించినట్టు పుణెలోని వైరాలజీ సంస్థ నిర్ధారణ చేయడంతో, ఇది కోళ్ల సమస్యగానే మిగలదని స్పష్టమైంది. వ్యాధి తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపలి పక్షులను నిర్మూలించడం, పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంచడం దేశంలో అనుసరిస్తున్న విధానం. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో తొలిసారి ఈ వ్యాధి బయటపడినప్పటి నుంచి నిర్మూలనే మార్గంగా ఉన్నది. అది అవసరమే. అయితే నిర్మూలించిన పక్షులకు ఇచ్చే పరిహారంలో కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయన్న సంగతి, పెద్ద ఫారం యజమానికి తెలిసినంతగా పెరటి పెంపకందారుకు తెలియదు.

తెలియనప్పుడు ఏమి జరుగుతుంది? ఉదయం గూడు తలుపు తీసేసరికి మూడు కోళ్లు చచ్చిపడి ఉంటే, ఆ ఇంటివారు కబురు చెయ్యరు. చెబితే బతికినవాటినీ చంపేస్తారన్న భయం ఒకవైపు, ఊరంతా తమ వల్ల నష్టపోయిందన్న మాట పడతామన్న భయం మరొకవైపు. కళేబరాలు కాలువలోకి వెళతాయి. ఆ కాలువ నీళ్లలోనే, వరి కోతలయ్యాక మాగాణుల్లో మేపుకుంటూ ఊరూరా కదిలే బాతుల మందలు దిగుతాయి. బాతులు ఈ వైరస్‌ను పైకి జబ్బు కనిపించకుండానే మోయగలవు. కొక్కెర తెగులుకు, బర్డ్ ఫ్లూకు పైకి కనిపించే తేడా చాలా స్వల్పం. కాబట్టి రాణిఖేత్ టీకా క్రమంగా పడే ఊళ్లో ఒక్కసారిగా కోళ్లు చావడమంటేనే అది అనుమానించవలసిన చావు అవుతుంది. టీకా పడని ఊళ్లో అది ఏటా జరిగే మామూలు చావుల్లో కలిసిపోతుంది. పెరటి టీకా రోజు కోరడం వెనుక ఉన్న అత్యంత గట్టి కారణం ఇదే: కొక్కెర తెగులును తొలగిస్తే, బర్డ్ ఫ్లూకు దాక్కునే చోటు లేకుండా పోతుంది. టీకా కోసం రెండు నెలలకొకసారి ఇంటికి వచ్చే మనిషికి కోడి చచ్చిన సంగతి చెప్పడం, ఎన్నడూ చూడని అధికారికి ఫోను చెయ్యడం కంటే చాలా తేలిక కూడా.

సంక్రాంతి పందేల గురించి ఇక్కడ ఒక మాట అవసరం. వాటి న్యాయాన్యాయాలను చట్టం, న్యాయస్థానాలు తేల్చాయి. దానిపై ఈ లేఖకు వేరే వాదన లేదు. జబ్బుల కోణం నుంచి చూస్తే మాత్రం, పది ఊళ్ల పుంజులు ఒకచోట చేరి, గాయాలతో తిరిగి తమ తమ గూళ్లకు రావడం ఏ వైరస్‌కైనా అరుదైన అవకాశం. అందుకే ఏడాదిలోని టీకా తేదీల్లో ఒకటి డిసెంబరు మొదటి వారంలో ఉండి తీరాలి. టీకా వేసిన తరువాత రక్షణ కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది గనుక అంతకంటే ఆలస్యం పనికిరాదు. మరొకటి వరదల కాలానికి ముందు, జూన్‌లో రావాలి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద పాతిక లక్షల క్యూసెక్కులకు మించి గోదావరి ప్రవహించినప్పుడు పి.గన్నవరం, మామిడికుదురు పరిసరాల లంకల్లో మనుషులను, పశువులను గట్టుకు చేర్చడమే గగనమైంది. కోళ్లు ఇంటి కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కినవి ఎక్కగా, మిగిలినవి ఏటి పాలయ్యాయి. నీళ్లు తీసిన తరువాత బురదలో తిరిగే కోళ్లకు రక్త పారుడు, నట్టలు, బూజు మేత ఒకేసారి ఎదురవుతాయి. లంక గ్రామాల వరద ప్రణాళికల్లో పశుగ్రాసంతో పాటు కోళ్లకు గంపలు, పునరావాస కేంద్రం దగ్గర ఒక పాక, నీళ్లు తీసిన వారంలో నట్టల మందు కూడా చేర్చాలని మనవి.

ఈ కోరికలకు పెంపకందార్ల వైపు నుంచి చేయవలసినది కూడా ఉన్నది. ఒక్కొక్క వీధికి ఒక్కరు చొప్పున ఇంటింటి కోళ్లను, బాతులను, టర్కీలను, గిన్నికోళ్లను లెక్క రాసి టీకా తేదీకి వారం ముందే సచివాలయానికి అందించడం, ఆ సాయంత్రం కోళ్లను గూట్లో పెట్టి తలుపు వేసి ఉంచడం, రుసుము పోగుచేసి ఇవ్వడం, చచ్చిన కోడిని కాలువలో వెయ్యకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టడం వారి బాధ్యతగా స్వీకరించాలి. చుక్క వెయ్యడం నేర్చుకోవడానికి పొదుపు సంఘాల మహిళలు ముందుకు వస్తే వారికి శిక్షణ ఇచ్చి గుర్తింపు కాగితం ఇవ్వడం శాఖ చేతిలోని పని. మొదట మూడు మండలాల్లో, ఆత్రేయపురం వంటి ఏటి గట్టు మండలం ఒకటి, పి.గన్నవరం వంటి లంకల మండలం ఒకటి, సఖినేటిపల్లి వంటి సముద్రపు ఒడ్డు మండలం ఒకటి ఎంచుకుని ఒక ఏడాది నడిపి చూడవచ్చు. ఆ ఏడాది ఎన్ని సీసాలు విప్పారు, ఎన్ని మోతాదులు పారబోశారు, టీకాకు ముందు ఎన్ని కోళ్లు పోయాయి, తరువాత ఎన్ని పోయాయి అన్న నాలుగు లెక్కలు గ్రామ సచివాలయం గోడ మీద రాసి ఉంచితే, పథకాన్ని మిగతా జిల్లాకు విస్తరించాలా వద్దా అన్నది పెంపకందార్లూ శాఖా కలిసి అక్కడే నిర్ణయించుకోవచ్చు. రాబోయే డిసెంబరు మొదటి శనివారాన్ని తొలి తేదీగా ప్రకటించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
కోనసీమ పెరటి పెంపకందార్ల పక్షాన